నాలుగు గోలీల వైద్యం

"ఇంతకుముందు ఈ మూత్రంలో మంటకు ఏమైనా బిళ్లలు వాడారా అమ్మా?" అని డాక్టరు సుప్రజ అడిగింది.

శోభ సర్కారు పెద్ద దవాఖానా మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నడుం కుడిపక్కన వేలు ఆనితే చాలు, అమ్మో అని మూలుగుతోంది. అంత జ్వరంలోనూ ఆమె డాక్టరు వైపు చూడలేదు, మొగుడు అంజి వైపూ చూడలేదు. మంచం కాళ్ల దగ్గర నిలబడ్డ రాయమల్లు వైపు చూసింది. ఏం చెప్పమంటావని అడిగే చూపు కాదది. నీకేం కాదులే అని ధైర్యం చెప్పే చూపు.

"లేదు డాక్టరమ్మా," అంది. "ఏం మింగలే."

రాయమల్లుకు దగ్గొచ్చింది. డాక్టరు తలెత్తి, "మీరేమవుతారు?" అంది.

"పక్కింటాయన. నాకు కాక లెక్క," అన్నాడు అంజి. "మా క్వార్టర్ల లైన్ల అందరు డాక్టర్ కాక అంటరు మేడం. నేను డ్యూటీల ఉంటే ఈయననే ఆటోల ఏసుకొచ్చిండు."

డాక్టరు చిన్నగా నవ్వింది. "అయితే డాక్టరు గారూ, మీరు చెప్పండి. ఏమైనా వాడిందా?"

అందులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది, కోపం తెచ్చుకోవడానికి వీలుండేది.

"నాకేం తెల్వది మేడం," అన్నాడు రాయమల్లు.

ఆమె కాగితం మీద ఏదో రాసుకుని, మూత్రం పరీక్షకు పంపమని నర్సుకు చెప్పి, సూది మందు మొదలుపెట్టించి పక్క మంచానికి పోయింది. అబద్ధం ఇంత సులువుగా ఆడగలనని రాయమల్లుకు అప్పటిదాకా తెలియదు.

తెలుసు అతనికి. ఏ గోలీ, ఎన్ని గోలీలు, ఏ నెలలో, అంతా తెలుసు. ఇచ్చినవాడు అతనే.

రాయమల్లు గనిలో పంపు ఆపరేటరు. భూమి అడుగున సంపులో ఊరే నీటిని పైకి తోడించే పని. ఏడో తరగతితో బడి మానేసినవాడు, తండ్రి కొలువు తనకు వస్తే లోపలికి దిగాడు. ముప్పై ఏళ్లయింది. గనిలో అతని పేరుతో ఎవరికీ పని లేదు. "ఏయ్ పంపూ, నీళ్లు నిండినయిరా" అని కేక వేస్తారు, అతని కొడుకు వయసున్న ఆఫీసర్లు కూడా. పైకొచ్చి స్నానం చేసి బనీను వేసుకుని క్వార్టరు ముందు కుర్చీలో కూర్చుంటే మాత్రం లెక్క వేరు. అక్కడ అతను డాక్టర్ కాక.

ఆ పేరు కంపెనీ దవాఖానా పుస్తకం వల్ల వచ్చింది. పర్మినెంటు కార్మికుడికి, అతని ఇంటివాళ్లకు ఆ పుస్తకం మీద మందులు ఊరికే ఇస్తారు. కాంట్రాక్టు వాళ్లకు ఆ పుస్తకం ఉండదు. అదే బొగ్గు, అదే దుమ్ము, అవే ఊపిరితిత్తులు. పుస్తకం మాత్రం ఒకడికి ఉంటుంది, ఒకడికి ఉండదు. దీన్ని తప్పు పట్టడానికి రాయమల్లు దగ్గర మాటలు లేవు. అందుకని తనకు చేతనైన పని చేశాడు. ఐదు రోజులకని ఇచ్చిన మందును రెండు రోజులు మింగేవాడు. ఒళ్లు కాస్త తేలికపడగానే మిగిలింది బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు. తర్వాత్తర్వాత లేని రోగాలు కూడా చెప్పడం నేర్చుకున్నాడు. ఒకసారి దగ్గు, ఒకసారి విరేచనాలు, ఒకసారి మూత్రంలో మంట.

"ఏం మల్లన్నా," అనేవాడు మందులిచ్చే సదానందం, "నీ ఒక్క పానంల ఇన్ని రోగాలు పెట్టుకొని గనిల ఎట్ల దిగుతున్నవే?"

"దినాం నీళ్లల్ల నిలవడ్డోనికి ఏ రోగం రాదో నువ్వే జెప్పు," అనేవాడు ఇతను. ఇద్దరూ నవ్వుకునేవారు.

లైనులో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా రాయమల్లు దగ్గరికి వచ్చేవారు. నాలుక చాపమనేవాడు. కంటి కింద రెప్ప లాగి చూసేవాడు. దవాఖానాలో డాక్టర్లు అడిగే రెండు ప్రశ్నలు అడిగేవాడు. తర్వాత కత్తెర తెచ్చి షీటులోంచి నాలుగు గోలీలు కత్తిరించి చేతిలో పెట్టేవాడు. పొద్దున ఒకటి, మాపున ఒకటి, రెండు రోజులు. నాలుగే ఎందుకంటే, డబ్బాలో ఉన్నవి అందరికీ రావాలి కదా! జలుబులు వాటంతట అవే తగ్గేవి, పేరు గోలీకి వచ్చేది, గోలీ నుంచి రాయమల్లుకు వచ్చేది. "డాక్టర్ కాక చెయ్యి మంచిది" అనేవారు. మనిషికి ఆ మాట ఎంత తీపో, జీవితంలో ఇంకెక్కడా ఆ తీపి ఎరగనివాడికే తెలుస్తుంది.

అంజి, శోభ అతని క్వార్టరు వెనక రేకుల గదిలో ఉంటారు. కమాన్‌పూర్ పక్క పల్లె వాళ్లది. అంజి ఓపెన్‌కాస్టు గని రోడ్ల మీద దుమ్ము లేవకుండా నీళ్లు చల్లే ట్యాంకరు నడుపుతాడు. శోభ కాలనీ రోడ్లు ఊడుస్తుంది. ఇద్దరూ కాంట్రాక్టే. పొద్దున ఆరింటికి చీపురు పడితే మధ్యాహ్నం దాకా ఆమెకు ఒంటికి పోవడానికి జాగా ఉండదు. ఎవరి ఇంట్లోనైనా అడిగితే మొహం మాడ్చుకుంటారు. అందుకని నీళ్లు తాగడమే మానేసింది. దసరా ముందు మంట మొదలైంది. ఆమె రాయమల్లు భార్య సారవ్వతో చెప్పుకుంది, సారవ్వ ఇతనికి చెప్పింది.

"పెద్ద దవాఖానకు పోతా అత్తమ్మా," అన్నది శోభ ఆ రోజు. "మూత్రం పరీక్ష చేస్తరట."

రాయమల్లు కుర్చీలోంచే నవ్వాడు. "పొద్దంత లైన్ల నిలవడ్తె నీ డ్యూటీ ఎవరు జేస్తరే? నేనుండంగ నీకేం ఫికరు?"

నాలుగు గోలీలిచ్చాడు. తగ్గింది. రెండు నెలలకు మళ్లీ వచ్చింది. మళ్లీ నాలుగు. ఈసారి తగ్గడానికి వారం పట్టింది. మూడోసారి గోలీ రంగు మార్చాడు. "తెల్లయి నీ పానానికి పడ్తలెవ్వు, గీ పచ్చయి మింగు" అన్నాడు, పెద్ద తెలిసినవాడిలా. నాలుగోసారి డబ్బాలో మూడే మిగిలాయి. ఒకటి ఎదురింటి పోశవ్వ మనవడికి పోయింది. మూడే ఇచ్చాడు.

ప్రతిసారీ ఒక మాట అనేవాడు: "కంపెనీ గోలీలని ఎక్కడ అనకు బిడ్డా. నా నౌకరి మీదికొస్తది."

"అంటనా మామా? సంపినా అన," అనేది శోభ.

మాట తప్పలేదు ఆ పిల్ల.

మూడో రోజు పొద్దున ఎనిమిదింటికి రాయమల్లు డ్యూటీకి పోకుండా దవాఖానాకు వచ్చాడు. రెండు రోజులుగా షిఫ్టు దిగగానే వస్తున్నాడు. వచ్చిన ప్రతిసారీ చెబుదామనుకుంటూనే వచ్చాడు. గేటు దగ్గర అనుకున్నవాడు మెట్ల దగ్గర ఆగి, డాక్టరు ఎట్లాగూ మంచి సూది వేస్తోంది కదా, రేపటికి జ్వరం దిగితే ఇక ఎవరికి చెప్పే పనేముంది అని తనకు తానే సర్ది చెప్పుకునేవాడు. ఆ రెండు రోజులూ అతను కోరుకున్నది శోభ బాగుపడాలనే. అయితే ఎవరి కోసం కోరుకున్నాడో అతనికి తెలుసు. అదీ అసలు సిగ్గు.

జ్వరం దిగలేదు. శోభ కళ్లు తెరవడం లేదు. అంజి వార్డు బయట గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, రెండు రోజుల గడ్డంతో. డాక్టరు సుప్రజ చేతిలో కాగితం పట్టుకుని వచ్చింది.

"అంజి గారూ, మూత్రం రిపోర్టు వచ్చింది. మనం వేస్తున్న సూదికి ఆ క్రిమి చావాలి. రిపోర్టులో అలాగే ఉంది. కానీ జ్వరం దిగట్లేదు, బీపీ పడిపోతోంది. కిడ్నీలో చీము పట్టిందేమో అని నా అనుమానం. ఇక్కడ మా స్కానింగులో తేలట్లేదు. వరంగల్ పంపిస్తాను. అక్కడ అవసరమైతే ఆపరేషన్ చేస్తారు. అంబులెన్సుకు చెప్పాను."

"వరంగల్ దాక ఓర్సుకుంటదా మేడం?"

"ఈ బీపీతో అంత దూరం పంపడం నాకూ ఇష్టం లేదు. కానీ ఇక్కడ ఉంచి పనిచెయ్యని సూదే వెయ్యలేను కదా."

"పనిజేస్తదని కాయిదం మీద ఉంటె, ఎందుకు పనిజేస్తలేదు మేడం?" అన్నాడు రాయమల్లు. అడగాలనుకోలేదు, నోటిలోంచి వచ్చేసింది.

ఆమె అతని వైపు తిరిగింది. "మీరు గనిలో ఏం చేస్తారు?"

"పంపు ఆపరేటర్‌ను."

"అయితే మీకు చెప్పడం తేలిక. మా నాన్న కూడా ఈ గనుల్లోనే ఇంజనీరుగా చేశారులెండి, చిన్నప్పుడు ఈ పంపుల సంగతులు వినీ వినీ విసిగిపోయాను." ఆమె రిపోర్టు వెనక్కి తిప్పి పెన్నుతో ఒక గుండ్రటి గీత గీసింది. "ఇది క్రిమి అనుకోండి. దీని గోడలో ఒక పంపు ఉంటుంది. లోపలికి విషం వస్తే బయటికి తోడేస్తుంది. మన మందు దానికి విషమే కదా."

"ఎప్పుడు నడుస్తనే ఉంటదా?"

"ఉండదు. ఊరికే నడిస్తే దానికి బలం దండగ. ఆ పంపు ఎలా చేసుకోవాలో దాని జన్యువులో రాసి ఉంటుంది. ఆ రాత మీద ఒక కాపలాదారు కూర్చుని మూసి పెడతాడు. మందు వచ్చి తగిలితే లేస్తాడు. అప్పుడు పంపులు తయారవుతాయి. మందు పోయాక మళ్లీ వచ్చి కూర్చుంటాడు."

"ఫ్లోటు," అన్నాడు రాయమల్లు మెల్లగా. "నీళ్లు లేస్తె వాటి మీద తేలే ఫ్లోటు లేస్తది, పంపు షురువైతది. నీళ్లు దిగితె అదే బందైతది."

"సరిగ్గా అదే. మరి ఆ ఫ్లోటు చెడిపోతే?"

"చెడిపోకున్నా మేమే కడ్తం మేడం ఒక్కోసారి. మాటిమాటికి సూసుడెందుకని బైండింగ్ వైరుతోని పైకి కట్టేస్తం. ఇగ పంపు ఆగదు."

"వీటిలోనూ అలాంటివి పుడతాయి. కోట్ల క్రిముల్లో ఏ ఒకటో రెండో, కాపలాదారు చెడిపోయినవి. వాటి పంపు ఆగదు. మందు సరైనది పూర్తిగా వేస్తే అవి కూడా తట్టుకోలేవు, ఒకటీ అరా మిగిలినా మన ఒళ్లే వాటి పని పడుతుంది. అదే రెండు రోజులు మింగి ఆపేశారనుకోండి, మామూలువి చస్తాయి, ఇవి మిగులుతాయి. జాగా అంతా వీటిదే. మళ్లీ మంట, మళ్లీ రెండు రోజులు, మళ్లీ ఇవే మిగులుతాయి. పైగా ఆ పంపు ఒక్క మందునే తోడదు. మనం ఇంకా వెయ్యని మందుల్ని కూడా తోడేస్తుంది. మొదటి రోజు మూత్రం తీసిన సీసాలో మామూలువి ఎక్కువ ఉంటే రిపోర్టు వాటి సంగతే చెబుతుంది. మూడు రోజుల సూదికి అవి పోతాయి. ఇప్పుడు లోపల ఉన్నవి ఏవో రిపోర్టుకు తెలియదు."

ఆమె పెన్ను మూసింది. "మళ్లీ పంపిన రెండో పరీక్ష ఫలితం రావడానికి ఇంకో రెండు రోజులు పడుతుంది. అంత టైము లేదు. ఆమె ముందు సగం సగం మందులు వాడి ఉంటే నేను అంబులెన్సు ఆపేసి ఇప్పుడే సూది మారుస్తాను. కానీ వాడలేదని ఆమే చెప్పింది కదా. అప్పుడిది చీము పట్టడమే అయి ఉండాలి."

కాగితం తీసుకుని వార్డులోకి నడవబోయింది.

చదువు లేనివాడినని, తెలియక చేశానని అనుకోవడానికి నిమిషం కిందటి దాకా రాయమల్లుకు వీలుండేది. ఇప్పుడు అది కూడా పోయింది. ఆమె చెప్పినదాంట్లో అతనికి అర్థం కానిది ఒక్క ముక్క లేదు. ఈ దవాఖానాలో అతని కన్నా బాగా అర్థమైనవాడు ఉండడు. దసరా ముందు నుంచి ఏడు నెలలు, ఆ పిల్ల కడుపులో ఆ ఫ్లోటును తన చేతులతో కట్టి పెట్టాడు.

"మేడం," అన్నాడు.

ఆమె ఆగింది.

అప్పుడైనా నిజం చెప్పాడా అంటే, లేదు. మనిషి ఎంత దిగజారగలడో ఆ నిమిషం చూశాడు. "ఆమె... షాపుల ఏవో తెచ్చుకొని మింగినట్టున్నది మేడం. మనకు చెప్పక."

అంజి గోడ వదిలి ముందుకొచ్చాడు. "శోభనా? నాకు చెప్పకనా? షాపుకు ఎప్పుడు పోయింది కాకా?"

"ఏ బిళ్లలు? పేరు తెలుసా?" అంది డాక్టరు.

చెప్పాడు. తెల్లదాని పేరు చెప్పాడు. పచ్చదాని పేరూ చెప్పాడు. షీట్ల వెనక చదివీ చదివీ నోటికి వచ్చినవే.

"ఎన్నిసార్లు? ఎన్నెన్ని?"

"నాలుగుసార్లు. నాలుగేసి. ఆఖరు సారి మూడు."

డాక్టరు రాసుకుంటూ రాసుకుంటూ ఆగి, తలెత్తింది. "మీకు చెప్పకుండా షాపులో కొన్న బిళ్లలు, ఆఖరు సారి మూడేనని మీకెలా తెలుసండీ?"

వరండాలో స్ట్రెచరు చక్రాల చప్పుడు వినిపిస్తోంది. అంబులెన్సు వాళ్లు వచ్చేశారు. అంజి అతని మొహంలోకి చూస్తున్నాడు. ఆ చూపులో ఇంకా కోపం లేదు, ఏదో అర్థం కావడం లేదన్నట్టు ఉంది.

"నేనే ఇచ్చిన," అన్నాడు రాయమల్లు. "కంపెనీ గోలీలు. నా పుస్తకం మీదియి. పెద్ద దవాఖానకు పోతనంటె నేనే వద్దన్న. ఎవరితోని అనకని గూడ నేనే జెప్పిన. ఆమె ఏ షాపుకు పోలే."

డాక్టరు అతన్ని తిడుతుందని చూశాడు. పోలీసులనో, కంపెనీకి రాస్తాననో అంటుందని చూశాడు. మూడు రోజులుగా అతను భయపడుతున్న మాటలు అవే కదా. ఆమె అవేవీ అనలేదు. "ఏ నెలలో మొదలు? ఆఖరుది ఎన్ని రోజుల కింద?" అని అడిగింది, రాసుకుంది, స్ట్రెచరు వాళ్లను ఆగమంది, నర్సును పిలిచి ఒక సూది పేరు చెప్పింది. అతని నౌకరి ఆమె లెక్కలోనే లేదు. ఎవరి లెక్కలోనూ లేని దాని కోసం మూడు రోజులు ఒక మనిషి పానాన్ని ఆపి పెట్టాడన్నమాట.

ఆమె లోపలికి పోయాక అంజి మళ్లీ గోడ దగ్గరికి పోయాడు.

"అంజీ," అన్నాడు రాయమల్లు.

"మూడు దినాలు నా పక్కకు కూసోని చాయ్ తాగినవు గదనే," అన్నాడు అంజి. గొంతు పెంచలేదు. "నా పెండ్లాం మీదికి తోస్తివి. దొంగతనంగ షాపుకు పోయిందంటివి. కాకా, ఇంకేమన్న దాచినవా? ఉంటె ఇప్పుడే జెప్పు. తర్వాత జెప్తె నేను మనిషిని గాను."

"ఏం లేదు బిడ్డా."

"బిడ్డా గిడ్డా అనకు."

మధ్యాహ్నం సారవ్వ అన్నం గిన్నె పట్టుకుని వచ్చింది. సంగతి అంజి నోటే విన్నది. గిన్నె అంజి చేతికిచ్చి, వచ్చి భర్త పక్కన బెంచీ మీద కూర్చుంది. "నువ్వు గోలీలిస్తుంటె నేను గూడ మురిసిన," అంది. "మా ఆయన డాక్టర్ లెక్కనని నలుగుట్ల చెప్పుకున్న. నాకు గూడ సిగ్గు లేకపాయె." అతను తినలేదు, ఆమె తినమనలేదు.

కొత్త సూది మొదలైన రెండో రోజుకు చలి ఆగింది. మూడో రోజు జ్వరం దిగింది. రెండో రిపోర్టు కూడా వచ్చింది. పాత సూది పేరు పక్కన పనిచెయ్యదని ఉందట, ఇంకో ఐదారు మందుల పక్కన కూడా. కిడ్నీ ఒకటి దెబ్బతిన్నదని, ఎంత తేరుకుంటుందో ఆరు నెలలు చూస్తే గాని చెప్పలేమని డాక్టరు అంజితో అంది. రాయమల్లు దూరం నుంచి విన్నాడు. దగ్గరికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మని కూడా అనలేదు.

ఐదో రోజు పొద్దున అంజి డాక్టరు రాసిన కాగితం పట్టుకుని కిందికి పోయినప్పుడు, రాయమల్లు వార్డులోకి పోయి శోభ మంచం దగ్గర నిలబడ్డాడు. ఆమె దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. మొహం ఎండిపోయింది. చేతికి సెలైను గొట్టం ఉంది.

"కూసో మామా," అంది.

కూర్చోలేదు.

"మా ఆయన జెప్పిండు," అంది. "నువ్వే జెప్పినవట డాక్టరమ్మకు."

"జెప్పిన."

"మంచిగైంది. జరంల నాకు ఒకటే రంది. ఒళ్లు తెల్వక నోరు జారి నీ పేరు తీస్తనేమో, నీ నౌకరి పోతదేమో అని. పండ్లు బిగవట్టి పండుకున్న." చిన్నగా నవ్వింది. నవ్వితే నడుం నొప్పి లేచినట్టుంది, ఆగింది. తర్వాత అడిగింది, "మరి మొదటి దినమే ఎందుకు జెప్పలే మామా?"

ఈ ప్రశ్నకు జవాబులు రాయమల్లు దగ్గర నాలుగైదు సిద్ధంగా ఉన్నాయి. నౌకరి, ఇంకా నాలుగేళ్ల సర్వీసు, చార్జిషీటు, తెలియనితనం. ఐదు రోజులుగా కూర్చుకున్నవే. ఆమె మొహం చూస్తే వాటిలో ఒక్కటి బయటికి రాలేదు.

"సిగ్గయింది," అన్నాడు.

శోభ ఆ మాటను అర్థం చేసుకుంటున్నట్టు చూసింది. ఆమెకు కోపం రాలేదు. నిజంగా తెలియకనే అడిగింది:

"నా పానం పోతుంటె, నీకు సిగ్గయిందా మామా?"

పక్క మంచాల వాళ్లు ఇటు తిరిగి చూశారు. అంతలో నర్సు వచ్చి, ఆడవాళ్ల వార్డులో మగవాళ్లకు ఏం పని, బయటికి నడవండి అని కసురుకుంది. రాయమల్లు కదల్లేదు. శోభ జవాబు కోసం చూస్తూనే ఉంది. నర్సు రెండోసారి అరిచి, భుజం పట్టి తలుపు వైపు తిప్పాక, అప్పుడు నడిచాడు.